లెక్కకు కూర్చునే వేళ: పంట డబ్బుతో నడిచే ఇంట్లో ఎప్పుడు, ఎంతసేపు, ఏం చూసుకోవాలి

నెల మొదట్లో కూర్చుని బడ్జెట్ వేసుకోండి అని అందరూ చెబుతారు. నెల జీతం వచ్చే ఇంటికి ఆ మాట సరిపోతుంది. గోదావరి డెల్టాలో చాలా ఇళ్లకు డబ్బు ఆ దారిన రాదు. సార్వా (వానాకాలం వరి) ధాన్యం సొమ్ము డిసెంబరులో పడుతుంది, దాళ్వాది (రబీ వరి) ఏప్రిల్, మే నెలల్లో. కోనసీమలో కొబ్బరి దింపు నెలన్నరకో రెండు నెలలకో ఒకసారి. భీమవరం వైపు వనామీ రొయ్యల చెరువైతే రొయ్య పిల్లను వదిలాక మూడు నాలుగు నెలలకు గానీ పట్టుబడి రాదు. కువైట్‌లో ఉన్న మనిషి ఒక నెల ఎక్కువ పంపితే ఇంకో నెల అసలు పంపలేకపోవచ్చు. ఖర్చులకు ఇవేమీ పట్టవు. పాలు, కరెంటు బిల్లు, బడి ఫీజు, ఈఎంఐ ఎవరి తేదీకి వాళ్లు గుమ్మంలోకి వస్తారు.

అందుకని ఇక్కడ డబ్బు పనికి రెండు రకాల వేళలు పెట్టుకోవాలి. గడియారం చూసి కూర్చునేవి ఒక రకం: వారానికి అరగంట, నెలకు ఒక గంట, ఎండాకాలం కాలువలు కట్టేశాక (నీళ్లు ఆపేశాక) ఒక పూట. పెద్ద మొత్తం చేతికి వచ్చిన రాత్రి కూర్చునేది రెండో రకం. ఇంటి గతిని మార్చేది ఆ రెండోదే. అయితే వారం వారం పుస్తకం నడవని ఇంట్లో ఆ రాత్రి చూసుకోవడానికి అంకెలే ఉండవు, కాబట్టి మొదలు వారం దగ్గరే.

ఏ రోజు, ఏ వేళకి

ఆదివారం వద్దు. తీరిక ఉంటుందని అందరూ ముందు అనుకునేది ఆ రోజే, కానీ మాంసం వండే రోజు, చుట్టాలు దిగే రోజు కూడా అదే. శుక్రవారం డబ్బు బయటికి ఇవ్వకూడదన్న పట్టింపు చాలా ఇళ్లలో ఉంది, కొందరికి మంగళవారం కూడా. ఆ పట్టింపుతో వాదన పెట్టుకోవడం దండగ, దాన్ని తప్పించి రోజు ఎంచుకుంటే సరి. బుధవారం రాత్రి భోజనాలయ్యాక బాగా కుదురుతుంది. లెక్కలో బ్యాంకు పని ఏదైనా తేలితే మర్నాడే లక్ష్మీవారం, బ్యాంకు తీసే ఉంటుంది. శనివారం రాత్రి కూర్చుంటే తేలిన పని సోమవారం దాకా ఆగాలి, ఈలోగా మరిచిపోతారు. రెండో శనివారం, నాలుగో శనివారం బ్యాంకులు ఎలాగూ ఉండవు.

చెరువు ఉన్నవాళ్లకు రాత్రి పనికిరాదు. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు, కరెంటు కోతలు, గట్టు మీద కాపలా ఉంటాయి. మధ్యాహ్నం మేతకూ సాయంత్రం మేతకూ మధ్య దొరికే గంటే వాళ్లకు వీలు. కువైట్‌లో ఉన్నవాళ్లతో కలిసి తేల్చాల్సినవి ఉంటే శుక్రవారం పెట్టుకోండి. అక్కడ వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు, మన గడియారానికి రెండున్నర గంటలు వెనక. మాట్లాడి తేల్చుకోవడమే కాబట్టి శుక్రవారం పట్టింపు అడ్డు రాదు. ఇంటి పనుల్లో కుదిరిన ఆడవాళ్లకు ఆ సెలవు ఖాయంగా ఉండదు, వాళ్లకి ఎప్పుడు వీలో వాళ్లనే అడగాలి.

ఇంట్లో నగదు దాచేది ఒకరు, ఫోన్‌పే, గూగుల్‌పే ఉన్న ఫోన్ పట్టుకు తిరిగేది ఇంకొకరు. ఇద్దరూ కూర్చోకపోతే లెక్క సగమే వస్తుంది. ఒకరు చెప్పాలి, ఒకరు రాయాలి. రాసే పని నెలకోసారి మార్చుకుంటే రెండో మనిషికి కూడా పుస్తకం అర్థమవుతుంది. అప్పులూ ప్రోనోట్లూ మావగారి నోటి లెక్కలోనే ఉన్న ఇళ్లలో నెలకోసారైనా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పించుకుని రాసుకోవాలి. ఆయన తర్వాత ఆ లెక్క చెప్పేవాళ్లు ఉండరు.

సామాను

200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి, బటన్ ఉన్న ప్లాస్టిక్ ఫైలు ఒకటి, బాల్‌పెన్ను, ఇద్దరి ఫోన్లు, బ్యాంకు పాస్‌పుస్తకాలు. అంతే. యాప్‌తో మొదలుపెట్టొద్దని మా సలహా. యాప్ బ్యాంకు మెసేజీలను చదువుతుంది, కొబ్బరి వ్యాపారి చేతిలో పెట్టిన నోట్లను చదవలేదు. ఎరువుల కొట్టులో రాయించుకున్న అరువు దానికి అసలే తెలియదు. డెల్టా ఇంట్లో పెద్ద లెక్కలన్నీ ఉండేది ఆ రెండింట్లోనే.

నోట్‌బుక్ చివరి 20 పేజీలు వదిలిపెట్టండి. అక్కడ మూడు పట్టికలు వస్తాయి: మనం ఇవ్వాల్సినవి, మనకు రావాల్సినవి, తేదీల పేజీ. చెరువు గానీ కౌలు పొలం గానీ ఉంటే దానికి వేరే పుస్తకం తప్పనిసరి. చెరువు ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది. ఆ అంకెలు ఇంటి సరుకులతో కలిస్తే పంట మిగిలిందో మునిగిందో పట్టుబడి అయ్యాక కూడా తేలదు.

వారం అరగంటలో చేసేది

రాయడం, కట్టడం, తేల్చడం మూడూ వేర్వేరు పనులు. వారం కూర్చున్నప్పుడు రాయడం ఒక్కటే. కట్టాల్సినవి కనబడితే చీటీ మీద రాసి మర్నాడు కట్టండి. బండి మార్చాలా, బంగారం విడిపించాలా లాంటి పెద్ద మాటలు ఆ రాత్రి ఎత్తొద్దు. ఎత్తితే అరగంట రెండు గంటలవుతుంది, గొంతులు పెరుగుతాయి, వచ్చే బుధవారం ఇద్దరిలో ఒకరికి ఏదో పని పడుతుంది. చాలా ఇళ్లలో ఈ అలవాటు మూడో వారానికే ఆగిపోవడానికి కారణం ఇదే.

ముందు ఇంట్లో ఉన్న నగదు లెక్కపెట్టండి. బీరువాలోది, పర్సులోది, పోపుల డబ్బాలోది అంతా ఒకచోట పోసి. తర్వాత ఫోన్లలో వారం చెల్లింపుల జాబితా తెరిచి 200 రూపాయలు పైబడినవి విడివిడిగా, అంతకంటే చిన్నవన్నీ కలిపి ఒకే పద్దుగా రాయండి. టీ, సమోసా, రీఛార్జి ఒక్కొక్కటీ రాయబోతే ఓపిక అక్కడే చస్తుంది.

నగదు పేజీ ఇలా ఉంటుంది. పోయిన వారం చేతిలో ఉన్నది 6,400. కొబ్బరి దింపు 1,200 కాయలు, వెయ్యి 15,000 చొప్పున 18,000, అందులో దింపు, మోత కూలీ 2,000 పోను 16,000. మొత్తం 22,400. పోయినవి: బ్యాంకులో వేసింది 10,000, సరుకులు 2,850, పాలు 840, పెట్రోలు 600, తోటలో కూలీ 1,500, పెళ్లిలో చదివింపులు 1,116. మొత్తం 16,906. చేతిలో ఉండాల్సింది 5,494. లెక్కపెడితే ఉన్నది 5,140. తేడా 354.

ఆ 354 కోసం పది నిమిషాలకు మించి వెతకొద్దు. 500 లోపు తేడాను ‘తేడా’ అనే పేరుతోనే పద్దు రాసి, 5,140 తోనే వచ్చే వారం మొదలుపెట్టాలి. వరసగా మూడు వారాలు 500 దాటితే మాత్రం ఎవరో ఏదో చెప్పడం లేదు, లేదా రోజూ పోయే ఖర్చు ఒకటి రాతకు ఎక్కడం లేదు. ఎక్కువగా బయటపడేవి పిల్లల చేతికిచ్చే డబ్బు, చేబదుళ్లు, గుడి హుండీ.

చదివింపులు మాత్రం ఎంత చిన్నవైనా పేరుతో, ఊరితో రాయండి. వాళ్లు మన ఇంట్లో శుభకార్యానికి ఎంత చదివించారో ఆ పక్కనే ఉండాలి. మాఘం, వైశాఖం, శ్రావణంలో ముహూర్తాలు ఒక్కసారి మీద పడతాయి. నిరుటి పేజీ చూస్తే ఆ నెలకు ఎంత పక్కన పెట్టాలో ముందే తెలుస్తుంది.

డబ్బు పడ్డ రాత్రి

ధాన్యం సొమ్ము ఖాతాలో పడినా, చెరువు పట్టుబడి డబ్బు అందినా, చీటీ పాడుకున్నా, గల్ఫ్ నుంచి పెద్ద మొత్తం వచ్చినా ఆ రాత్రే కూర్చోవాలి. మర్నాటికి వాయిదా వేస్తే ఊళ్లో నలుగురికి తెలుస్తుంది, చేబదులు అడిగేవాళ్లు వస్తారు. ఇంట్లో వాళ్ల కోరికలు కూడా అప్పటికి లేచి కూర్చుంటాయి. వాటిలో తప్పేమీ లేదు, కానీ వరసలో ముందు నిలబడాల్సినవి వేరే ఉన్నాయి.

సార్వా లెక్క ఒకటి చూద్దాం. మూడు ఎకరాల సొంత పొలం, ఎకరాకు 30 బస్తాల దిగుబడి, బస్తా 75 కిలోలు. 90 బస్తాలంటే 67.5 క్వింటాళ్లు. 2025-26లో సాధారణ రకం వరికి మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు, ‘ఏ’ గ్రేడు రకానికి 2,389. సాధారణ రకం ధరకు 1,59,900 దాకా వస్తుంది. తేమ ఎక్కువై కోత పడితే ఆ మేరకు తగ్గించుకోండి.

దీన్ని ఇదే వరసలో విడగొట్టాలి. మొదట ఈ పంట బాకీలు: ఎరువుల కొట్టు 28,000, కోత మిషను, ట్రాక్టరు కిరాయి 16,000. మిగిలింది 1,15,900. రెండోది దాళ్వా పెట్టుబడి. ఊడ్పులూ మొదటి ఎరువూ అయ్యేదాకా 45,000 అనుకుంటే మిగిలింది 70,900. మూడోది దాళ్వా సొమ్ము వచ్చేదాకా ఇల్లు గడవడం. కొబ్బరి డబ్బు పోను నెలకు ఇంకా 11,000 కావాలనుకుంటే నాలుగు నెలలకు 44,000. మిగిలింది 26,900. సంక్రాంతి ఇక్కడ, నాలుగో వరసలో వస్తుంది.

డెల్టాలో అప్పు మొదలయ్యే చోటు సరిగ్గా ఇదే. సార్వా డబ్బుకీ దాళ్వా ఊడ్పులకీ నడుమ పండగ కూర్చుంటుంది. కొత్తల్లుడు, బట్టలు, పిండివంటలు, బరుల దగ్గర పందేలు. పండక్కి 40,000 అయ్యే ఇంట్లో ఆ 13,100 లోటు డిసెంబరు రాత్రే కాగితం మీద కనబడుతుంది. అప్పుడు దేన్ని తగ్గించాలో మాట్లాడుకోవచ్చు. లెక్క వేయని ఇంట్లో అదే లోటు ఫిబ్రవరిలో ఎరువుల కొట్టు ముందు కనబడుతుంది, అప్పటికి అరువు తప్ప దారి ఉండదు. అరువు మీద కొట్టువాడు వేసే ధర వేరు, రొక్కం ధర వేరని తెలిసిందే.

విడగొట్టినది కాగితం మీదే ఉంటే నిలవదు. రెండో సేవింగ్స్ ఖాతా ఒకటి తెరిచి పెట్టుబడినీ నాలుగు నెలల ఖర్చునూ అందులోకి మార్చండి. దానికి ఫోన్‌పే గానీ ఏటీఎం కార్డు గానీ కలపొద్దు. ఆ ఖాతా నుంచి ప్రతి నెలా ఒకటో తేదీన 11,000 ఇంటి ఖాతాలోకి దానంతట అదే మారేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ రాసివ్వండి. ఇక పంట డబ్బు ఇంటికి నెల జీతంలా వస్తుంది, నెల తేదీలతో వచ్చే ఖర్చులన్నీ దారిలో పడతాయి. ఈ వ్యాసంలో చెప్పిన పనుల్లో ఒక్కటే చేయగలిగితే ఇదే చేయండి.

చెరువు డబ్బుకు ఇంకో నియమం ఉంది. పాత పంట లెక్క మూయకుండా కొత్త పిల్లకు బయానా ఇవ్వొద్దు. మేత డీలరు బాకీ, కరెంటు, మందులు, లీజు, కూలీలు అన్నీ కలిపి కిలోకు ఎంత పడిందో తేల్చి, అమ్మిన కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయో ఆ లెక్క) ధర పక్కన రాయండి. రెండు పంటల్లో వరసగా ధర ఖర్చు కంటే కిందికి వెళితే మూడోది వేసే ముందు ఆ పేజీ ఒక్కటి చదివితే చాలు.

నెలకో గంట: తేదీలూ వడ్డీలూ

నెలాఖరు బుధవారం అరగంటకు ఇంకో అరగంట కలపండి. చేయాల్సింది రెండే. వచ్చే నెల తేదీల పేజీ చూడడం, అప్పుల పేజీ సరిచేయడం.

తేదీల పేజీలో ఈఎంఐలు, చీటీ వాయిదా, డ్వాక్రా సంఘం వాయిదా, బీమా ప్రీమియం, క్రెడిట్ కార్డు గడువు ఉండాలి. ఈఎంఐ పోయే ఖాతాలో రెండు రోజుల ముందే డబ్బు ఉంచండి. డబ్బు లేక వాయిదా తిరిగొస్తే బ్యాంకూ అప్పిచ్చిన సంస్థా రెండూ ఛార్జీలు వేస్తాయి, సిబిల్ స్కోరూ (అప్పులు సరిగా కడుతున్నామో చూపే అంకె) తగ్గుతుంది. ఎల్ఐసీ ప్రీమియం ఏడాదికో, ఆరు నెలలకో, మూడు నెలలకో కట్టేదైతే గడువు దాటాక నెల రోజుల వెసులుబాటు ఉంటుంది, నెల నెలా కట్టేదైతే 15 రోజులే. క్రెడిట్ కార్డు బిల్లులో ‘మినిమం డ్యూ’ అని కనబడే అంకెను చూసి ఊరట పడొద్దు. అది కట్టినా మిగతా మొత్తం మీద వడ్డీ నడుస్తుంది, చాలా కార్డులకు నెలకు 3 శాతం పైనే.

చీటీల విషయం క్లుప్తంగా. ప్రతి నెలా పాట ఎంతకు పోయిందో, తగ్గింపు పోను మీరు కట్టింది ఎంతో, తేదీతో రాయండి. రిజిస్టరు చీటీలో నిర్వాహకుడి కమీషను చట్టప్రకారం 7 శాతం మించకూడదు. ఊళ్లో నమ్మకం మీద నడిచే చీటీకి మీ దగ్గరున్న కాగితమే సాక్ష్యం, కట్టిన ప్రతిసారీ సంతకం తీసుకోండి.

ఇక అప్పుల పేజీ. మనకు నూటికి ఇన్ని రూపాయలు అని చెప్పుకోవడం అలవాటు, బ్యాంకు ఏడాదికి ఇంత శాతం అంటుంది. రెండూ పక్కపక్కన రాస్తే తప్ప ఏది ముందు తీర్చాలో తెలియదు. పావలా వడ్డీ ఏడాదికి 3 శాతం. రూపాయి వడ్డీ 12. రూపాయిన్నర 18. రెండు రూపాయలు 24. మూడు రూపాయలు 36. బయట రెండు రూపాయలకు తెచ్చిన లక్షకు ఏడాదికి 24,000. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల లోపు పంట రుణానికి వడ్డీ 7 శాతం, గడువులోగా తీరిస్తే 3 శాతం రాయితీ వస్తుంది, అంటే లక్షకు 4,000. పంట రుణం ముందు తీర్చేసి బయటి అప్పును అలాగే ఉంచే ఇళ్లు చాలా ఉన్నాయి. బ్యాంకు అంటే భయం, తెలిసినవాళ్లయితే ఆగుతారన్న ధీమా. లక్షకు ఏడాదికి 20,000 తేడా ఆ ధీమా ఖరీదు.

అలాగని పంట రుణం గడువు దాటనివ్వడం కూడా తప్పే. దాటితే 3 శాతం రాయితీ పోతుంది, లక్షకు 3,000. గడువుకు చేతిలో డబ్బు లేక, బయట తెచ్చి కట్టి, బ్యాంకులో తిరగరాయించుకుని మళ్లీ బయటివాళ్లకు ఇచ్చేయడం ఊళ్లలో మామూలే. అందులో లాభం ఉందో లేదో లెక్క వేయండి. పదిహేను రోజులకే తెచ్చినా చాలామంది నెల వడ్డీ తీసుకుంటారు. రెండు రూపాయల చొప్పున లక్షకు 2,000, రాయితీ 3,000, మిగిలేది 1,000. మూడు రూపాయలకు తెస్తే మిగిలేదేమీ లేదు. బ్యాంకు తిరిగి ఇవ్వడానికి నెల దాటితే నష్టమే. అంచేత గడువు తేదీని రెండు నెలల ముందే తేదీల పేజీలో ఎర్ర ఇంకుతో రాసి, ఆ మధ్యలో వచ్చే కొబ్బరి డబ్బునో కువైట్ డబ్బునో దానికి కేటాయించడం మేలు.

బంగారం కుదువ పెట్టినదానికి రసీదు ఫైల్లోనూ గడువు తేదీ పుస్తకంలోనూ ఉండాలి. వడ్డీ, అసలు ఒకేసారి కట్టే పద్ధతిలో తీసుకున్న అప్పు సాధారణంగా ఏడాదికే. అప్పటిదాకా పెరిగిన వడ్డీ కడితేనే తిరగరాస్తారు. చేతిలో ఆడేటప్పుడల్లా వడ్డీ మేరకు కట్టుకుంటూ పోతే ఏడాది చివర తడిసి మోపెడు కాదు. వేలం నోటీసు పాత చిరునామాకు వెళ్లి తెలియకుండా పోయిన నగలు ఎన్నో, ఇల్లు మారినా ఫోన్ నంబరు మారినా ముందు అక్కడ చెప్పండి.

మనకు రావాల్సిన నోట్లు

ఇచ్చినవాళ్లు మరిచిపోయేది ఈ పేజీనే. ప్రోనోటుకు కోర్టులో దావా వేసే కాలం నోటు తేదీ నుంచి 3 ఏళ్లు. ఆ తర్వాత నోటుకు కాలదోషం పడుతుంది. ఆలోగా ఎంతో కొంత సొమ్ము తీసుకుని, నోటు వెనక తేదీ, మొత్తం అక్షరాల్లో అప్పు తీసుకున్న మనిషి చేతే రాయించి సంతకం పెట్టిస్తే ఆ చెల్లు తేదీ నుంచి మళ్లీ 3 ఏళ్లు వస్తాయి. చెల్లు మీరు రాసుకుని వాళ్ల సంతకం లేకుండా వదిలేస్తే పనికిరాదు. 3 ఏళ్లు నిండాక వేయించిన చెల్లు కూడా నోటును బతికించదు.

ప్రతి నోటుకూ రెండేళ్ల తొమ్మిది నెలల తేదీ లెక్కగట్టి తేదీల పేజీలో పెట్టండి. బావమరిదైనా, వియ్యంకుడైనా అంతే. చుట్టరికం ఉన్నచోట చివరి నెలలో నోటు తీసుకువెళ్లి నిలబడడం ఇబ్బంది. మూడు నెలల ముందయితే ఏ శుభకార్యంలోనో కలిసినప్పుడు ఒక మాట అనొచ్చు.

కాలువలు కట్టేశాక ఒక పూట

దాళ్వా కోతలయ్యాక ధవళేశ్వరం బ్యారేజీ నుంచి కాలువలకు నీళ్లు ఆపేస్తారు. మళ్లీ జూన్‌లో వదిలేదాకా పొలం పని తక్కువ. దాళ్వా సొమ్ము చేతికొచ్చి, బళ్లు తెరవకముందు దొరికే ఆ రోజుల్లో ఒక ఉదయం ఏడాది లెక్కకు ఇవ్వండి. ఉగాదికి చేద్దామనుకుంటారు కొందరు. అప్పటికి దాళ్వా ఇంకా పొలంలోనే ఉంటుంది.

ఆ ఉదయం నాలుగు గంటలు పడుతుంది. కాఫీ తాగి మొదలుపెడితే భోజనాల వేళకు అయిపోతుంది. పంట పుస్తకం తీసి సార్వా, దాళ్వా రెండింటికీ ఎకరాకు ఖర్చెంత, వచ్చిందెంత తేల్చండి. కౌలుకు చేసేవాళ్లు కౌలు బస్తాలను కూడా ధర కట్టి ఖర్చులో వేయాలి. గింజలే ఇచ్చాం కదా అని వదిలేస్తే పంట లాభంగా కనబడుతుంది. తర్వాత ప్రతి బ్యాంకు ఖాతా, డిపాజిట్, పాలసీ తీసి నామినీ ఎవరో చూడండి. పెళ్లికి ముందు తెరిచిన ఖాతాల్లో ఇంకా తల్లిదండ్రుల పేర్లే ఉంటాయి. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురిదాకా నామినీలను పెట్టుకోవచ్చు. చాన్నాళ్లుగా ముట్టుకోని ఖాతా ఏదైనా ఉంటే రెండేళ్లు నిండేలోగా చిన్న మొత్తం వేసో తీసో కదపండి, లేకపోతే అది నిద్రాణమైపోతుంది, తెరిపించడానికి మళ్లీ కేవైసీ కాగితాలన్నీ పట్టుకుని తిరగాలి.

డిపాజిట్లు ఎక్కడున్నాయో కూడా చూడాలి. ఒక బ్యాంకు మునిగితే ఒక మనిషికి అసలూ వడ్డీ కలిపి 5 లక్షల దాకా బీమా ఉంది. ఊరి సహకార సొసైటీలో వేసిన డిపాజిట్లకు ఆ బీమా వర్తించదు. అర శాతం వడ్డీ ఎక్కువ వస్తుందని ఇంట్లో ఉన్నదంతా అక్కడే పెట్టడం తెలివి కాదు.

ప్రధానమంత్రి బీమా పథకాల్లో చేరినవాళ్లకు మే నెలాఖరులో బ్యాంకు ఖాతా నుంచి 436, 20 రూపాయలు పోతాయి. మొదటిది జీవన్ జ్యోతి ప్రాణ బీమా, రెండోది సురక్షా ప్రమాద బీమా. ఒక్కోదానికి 2 లక్షల బీమా, జూన్ 1 నుంచి మే 31 దాకా. ఆ వారం ఖాతాలో 456 లేక బీమా ఆగిపోయిన సంగతి ఇంట్లో ఎవరికీ తెలియకుండా పోతుంది. పాస్‌పుస్తకం ముద్ర వేయించి ఆ రెండు పద్దులూ ఉన్నాయో లేదో వేలితో చూపించుకోండి. సిబిల్ వంటి నాలుగు సంస్థలూ ఏడాదికోసారి పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలి, అదీ అప్పుడే తీసుకోండి. మీరు హామీ సంతకం పెట్టిన అప్పులు కూడా అందులో కనబడతాయి.

కాగితాల ఫైలు సర్దేది కూడా ఆ పూటే. లంక గ్రామాల్లో, ఏటి గట్టు పక్కన ఉండేవాళ్లు పట్టాదారు పాస్‌పుస్తకం, దస్తావేజులు, బంగారం రసీదులు, నోట్లు మూత బిగిసే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అటక మీదికి ఎక్కించాలి. జులై, ఆగస్టులో వరదొస్తే వెతుక్కునే తీరిక ఉండదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక ఇస్తారు, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిదానికే డబ్బా ఎక్కడుందో చూసుకోవాలి, రెండోదానికి అది మీతో పాటు కదలాలి. దస్తావేజుల ఫొటోలు ఇద్దరి ఫోన్లలోనూ ఊళ్లో లేని పిల్లల ఫోన్లోనూ ఉంచండి.

వారాలు తప్పినప్పుడు

ఊడ్పుల్లో, కోతల్లో, ఇంట్లో పెళ్లి జరిగినప్పుడు మూడు నాలుగు వారాలు తప్పుతాయి. అప్పుడు పాత వారాలన్నీ గుర్తు తెచ్చుకుని రాయబోతే ఒక రాత్రంతా పడుతుంది, సరిగా రాదు, విసుగొచ్చి పుస్తకం అటకెక్కుతుంది. పాత పేజీ కింద అడ్డంగా గీత గీసేయండి. కొత్త పేజీలో ఈ రోజు నగదు ఎంత, ఖాతాల్లో ఎంత అని రెండు అంకెలు వేయండి. తప్పిన వారాల నుంచి మూడు మాత్రం పట్టుకోండి: ఎవరికైనా ఇచ్చిన చేబదుళ్లు, కొట్లలో పెరిగిన అరువు, చదివింపులు. మిగతాది బ్యాంకు స్టేట్‌మెంటులో ఉండనే ఉంది, నెలాఖరు బుధవారం తీరిగ్గా చూసుకోవచ్చు.